చాట్‌లో అన్న మాట మూడో మనిషికి ఎలా చేరింది?

మీరు అడిగింది ఇదీ: మీరూ మీ స్నేహితుడూ వాట్సాప్‌లో మాట్లాడుకున్న ఒక విషయం, ఇంకెవ్వరికీ చెప్పనిది, వారం తిరక్కముందే మూడో మనిషి నోట విన్నారు. ఎన్‌క్రిప్షన్ (ఇతరులు చదవకుండా సందేశానికి వేసే తాళం) ఉన్నా, డబ్బు కట్టి వీపీఎన్ (ఇంటర్నెట్ వాడకాన్ని దాచే సేవ) పెట్టుకున్నా మాట ఎలా బయటపడింది, ఫోన్ ట్యాప్ చేశారా, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్‌కు మారితే సరిపోతుందా అని.

ఇలా అనుమానం వచ్చినవాళ్ల పక్కన కూర్చుని వాళ్ల ఫోన్లు చూసే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. పాత్రికేయులు, లాయర్లు, ఇంట్లో వేధింపులు పడుతున్నవాళ్లు ఎక్కువగా వస్తారు. ఆ అనుభవంతో చెబుతున్నాను: మీ సందేశాన్ని ఎవరో దారిలో పట్టుకుని, ఎన్‌క్రిప్షన్ ఛేదించి చదివారన్న ఆలోచనను అన్నిటికన్నా చివర పెట్టుకోండి. ఎందుకో చెప్పకపోతే మీకు నమ్మకం కుదరదు, అందుకని అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

వాట్సాప్ 2016 ఏప్రిల్ నుంచి అందరి చాట్లకూ సిగ్నల్ యాప్‌లోని తాళం పద్ధతినే, అంటే సిగ్నల్ ప్రోటోకాల్‌నే, వాడుతోంది. సందేశానికి మీ ఫోన్‌లోనే తాళం పడుతుంది, అవతలివాళ్ల ఫోన్‌లోనే తెరుచుకుంటుంది. మధ్యలో ఉన్న సర్వర్ దగ్గర తాళంచెవి ఉండదు. పైగా ఆ తాళంచెవి ఒక్కటి కాదు. డబుల్ రాచెట్ అనే పద్ధతిలో ప్రతి సందేశానికీ కొత్తది పుడుతుంది, పని అయిపోగానే పాతది చెరిగిపోతుంది. ఇవాళ ఎవరైనా ఒకటి కాజేసినా దానితో నిన్నటి సందేశాలు తెరుచుకోవు. ట్రెవర్ పెరిన్, మాక్సీ మార్లిన్‌స్పైక్ 2013లో దీన్ని తయారుచేశారు. అప్పటినుంచి క్రిప్టోగ్రాఫర్లు (రహస్యలిపి నిపుణులు) బహిరంగంగా పరీక్షిస్తూనే ఉన్నారు. ఎంత డబ్బైనా పెట్టగల ప్రభుత్వాలు సైతం ఈ గణితం జోలికి పోకుండా ఫోన్‌లోకి చొరబడే సాధనాలు కొనుక్కుంటున్నాయి. సందేశం విప్పి, చదవడానికి వీలుగా ఉండేది ఫోన్‌లోనే కదా.

అందుకని వెతకాల్సింది దారిలో కాదు, రెండు చివర్లలో. ఒక చివర మీ ఫోన్, రెండో చివర మీ స్నేహితుడి ఫోన్.

మొట్టమొదట వాట్సాప్ తెరిచి ‘లింక్డ్ డివైసెస్’ చూడండి. నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం అక్కడే తేలిపోయాయి. ఒకావిడ సంగతి చెబుతాను. తన ఫోన్‌లో గూఢచారి సాఫ్ట్‌వేర్ ఉందని ఆవిడకు గట్టి నమ్మకం. అప్పటికే మూడు యాంటీవైరస్ యాప్‌లు వేసుకున్నారు. నేను ఏదీ స్కాన్ చేయకుండా ఆ పేజీ ఒక్కటి తెరిచి ఫోన్ ఆవిడ చేతికే ఇచ్చాను. రెండు పేర్లున్నాయి. మొదటిది ఆవిడ ఆఫీసు కంప్యూటర్. రెండోది విండోస్ మీద క్రోమ్, చివరిసారి వాడింది ఆ ఉదయం 6:40కి. ఆ వేళప్పుడు ఆవిడ ఆఫీసులో లేరు. ఆవిడ ఏమీ అనలేదు, ఆ గీత మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయారు. కాసేపటికి గుర్తొచ్చింది: రెండు నెలల కిందట ఒక కాగితం ప్రింట్ తీయడానికి ఇంట్లోవాళ్ల ల్యాప్‌టాప్‌లో వాట్సాప్ వెబ్ తెరిచారు, లాగౌట్ చేయడం మరిచిపోయారు. అంతే. ఆ రెండు నెలల సందేశాలూ ఎన్‌క్రిప్షన్‌తో, పద్ధతి ప్రకారమే, ఆ ల్యాప్‌టాప్‌కు కూడా వెళ్లాయి. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, కానీ ఈ జాబితా పట్టిస్తుంది.

తెలియని పరికరం కనబడితే వెంటనే లాగౌట్ నొక్కకండి, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. ముందు స్క్రీన్‌షాట్ తీసి భద్రమైన చోట పెట్టండి. లాగౌట్ అయిన క్షణంలో అటువైపు మనిషికి మీరు కనిపెట్టారని తెలిసిపోతుంది. ఆ మనిషి కోపిష్టి అయితే, మీతో ఒకే కప్పు కింద ఉంటే, తర్వాత ఏం జరుగుతుందో ముందే ఆలోచించుకుని, ఎక్కడ ఉండి ఆ పని చేయాలో తేల్చుకుని చేయండి.

సిగ్నల్‌లోనూ ఇదే మెలిక ఉంది. రష్యా అనుకూల హ్యాకర్లు గ్రూపులో చేరమనే ఆహ్వానం రూపంలో క్యూఆర్ కోడ్‌లు పంపి, స్కాన్ చేసినవాళ్ల ఖాతాకు తమ పరికరాన్ని జోడించుకుంటున్నారని 2025 ఫిబ్రవరిలో గూగుల్ భద్రతా బృందం బయటపెట్టింది. ప్రోటోకాల్‌కు చిన్న గీత కూడా పడలేదు. మనిషి చేతే తలుపు తీయించారు.

రెండోది బ్యాకప్. చాట్ ఎన్‌క్రిప్ట్ అయినంత మాత్రాన దాని బ్యాకప్ కూడా అలాగే ఉంటుందనుకోకండి. వాట్సాప్‌లో ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్ 2021లో వచ్చింది, కానీ దాన్ని మీరే ఆన్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ గానీ 64 అంకెల కీ గానీ పెట్టుకోమంటుంది. అది పెట్టకపోతే బ్యాకప్‌కు రక్షణ మీ గూగుల్ లేదా ఐక్లౌడ్ ఖాతా పాటిదే. ఐఫోన్‌లో మొత్తం ఐక్లౌడ్ బ్యాకప్‌కే తాళం వేసే ‘అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్’ 2022 చివర్లో వచ్చింది, అదీ మీరు ఆన్ చేస్తేనే. బ్రిటన్‌లో ప్రభుత్వ ఒత్తిడి తర్వాత ఆపిల్ ఆ సదుపాయాన్ని 2025 ఫిబ్రవరిలో వెనక్కి తీసుకుంది. ఒక ప్రభుత్వం బ్యాకప్ కోసం అంత పట్టుబట్టిందంటే అందులో ఎంత దొరుకుతుందో మీకే అర్థమవుతుంది. సున్నితమైన విషయాలు మాట్లాడుకునే ఖాతాకు అసలు బ్యాకప్ లేకపోవడమే మేలని నా అభిప్రాయం. పాత చాట్లు పోతాయని బాధపడేవాళ్లను చూశాను. అలా పోయినందుకే ఆపద తప్పించుకున్నవాళ్లనూ చూశాను.

బ్యాకప్ సంగతి వచ్చింది కాబట్టి, ఈమెయిల్ ఖాతాలో సైనిన్ అయి ఉన్న పరికరాల జాబితా కూడా చూడండి. అమ్మేసిన పాత ఫోన్, మానేసిన ఉద్యోగం తాలూకు కంప్యూటర్ అక్కడ ఇంకా కనిపిస్తుంటాయి.

మూడోది ఫోనే. మీ లాక్ పిన్ ఎవరెవరికి తెలుసు? లాక్ స్క్రీన్ మీద సందేశం పూర్తిగా కనిపిస్తుందా? ఆండ్రాయిడ్‌లో ‘నోటిఫికేషన్ హిస్టరీ’ ఆన్‌లో ఉంటే గత 24 గంటల్లో వచ్చిన నోటిఫికేషన్లు అక్కడ నిలిచి ఉంటాయి, మీరు చాట్‌లో చెరిపేసినవి కూడా. నోటిఫికేషన్‌లో పేరు, సందేశం రెండూ కనబడకుండా పెట్టుకోండి. ఎవరైనా కాసేపు ఫోన్ చేతికి తీసుకుని నిఘా యాప్ వేసి ఉంటే, దాని జాడ ఎక్కువగా మూడు చోట్ల దొరుకుతుంది: యాక్సెసిబిలిటీ అనుమతి (తెర మీద ఉన్నది చదవగలిగే అనుమతి) పొందిన యాప్‌లలో, డివైస్ అడ్మిన్ (ఫోన్ మీద అదనపు అధికారం ఉన్న) యాప్‌లలో, మీరు ఆపకుండానే ఆగిపోయి ఉన్న ప్లే ప్రొటెక్ట్‌లో (హానికరమైన యాప్‌లను పట్టే గూగుల్ సదుపాయం). ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో ‘సేఫ్టీ చెక్’ ఉంటుంది, మీ సమాచారం ఎవరితో పంచుకుంటున్నారో వరసగా చూపిస్తుంది.

ఇక రెండో చివర. మీ స్నేహితుడు నమ్మకస్తుడే కావచ్చు, ఆయన ఫోన్ నమ్మదగినదా అన్నది వేరే ప్రశ్న. ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఆయన ఫోన్‌కూ వర్తిస్తాయి. మీ జాగ్రత్త ఎంతున్నా మీ సంభాషణకు ఉన్న రక్షణ, ఇద్దరిలో తక్కువ జాగ్రత్తపడే మనిషి దగ్గర ఎంత ఉందో అంతే. గ్రూపు అయితే మరీను. 2025 మార్చిలో అమెరికా భద్రతా ఉన్నతాధికారులు యెమెన్ మీద దాడుల గురించి సిగ్నల్ గ్రూపులో మాట్లాడుకుంటూ, పొరపాటున ఒక పత్రిక సంపాదకుణ్ని అందులో చేర్చారు. ఆయన అన్నీ చదువుతూ కూర్చున్నారు. గ్రూపులో ప్రతి పేరూ ఎవరిదో మీకు తెలియకపోతే అది ఆంతరంగిక సంభాషణ కాదు.

డిసపియరింగ్ మెసేజెస్ పెట్టుకోండి, తప్పకుండా. వాట్సాప్‌లో 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని ఉంటాయి, సిగ్నల్‌లో మీకు కావలసిన గడువు పెట్టుకోవచ్చు. అది మోసం చేసే మనిషిని ఆపదు, ఫొటో తీసుకుంటే ఏమీ చేయలేం. కానీ రేపు ఫోన్ పోయినా, ఎవరి చేతికైనా చిక్కినా, రెండేళ్ల సంభాషణ బదులు రెండు రోజులది దొరుకుతుంది.

ఇప్పుడు ట్యాపింగ్ సంగతి. మామూలు ఫోన్ కాల్, ఎస్సెమ్మెస్, ఈ రెండింటికీ మీ ఫోన్ నుంచి అవతలి ఫోన్ దాకా ఎన్‌క్రిప్షన్ లేదు. టెలికాం కంపెనీ వినగలదు, చదవగలదు. చట్టప్రకారం వినడానికి నెట్‌వర్క్‌లో ప్రత్యేకంగా ఏర్పాటు ఉంటుంది. ఆ ఏర్పాటు చట్టం చేతిలోనే ఉంటుందన్న హామీ లేదు. గ్రీసులో 2004, 2005ల్లో వొడాఫోన్ నెట్‌వర్క్‌లోని అలాంటి సదుపాయాన్నే గుర్తు తెలియనివాళ్లు రహస్యంగా వాడుకుని, ప్రధాని కోస్టాస్ కరమాన్లిస్‌తో సహా సుమారు వందమంది ఫోన్లు నెలల తరబడి విన్నారు. 2024లో ‘సాల్ట్ టైఫూన్’ అని పేరుపెట్టిన చైనా హ్యాకర్లు అమెరికా టెలికాం కంపెనీల్లోకి చొరబడి, కోర్టు ఆదేశాల మేరకు ట్యాప్ చేసే వ్యవస్థల దాకా వెళ్లారు. ఆ తర్వాతే, అంతవరకూ ఎన్‌క్రిప్షన్ తమ దర్యాప్తులకు అడ్డమని వాదిస్తూ వచ్చిన అమెరికా ప్రభుత్వం నుంచే, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ (ఒక ఫోన్ నుంచి అవతలి ఫోన్ దాకా ఉండే తాళం) ఉన్న యాప్‌లు వాడండని సలహా వచ్చింది. అందుకని ముఖ్యమైన మాట ఏదైనా మామూలు కాల్‌లో చెప్పకండి, సిగ్నల్ లేదా వాట్సాప్ కాల్ చేయండి.

ఆ పక్కనే ఇంకో బెడద. టెలికాం కంపెనీలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఎస్ఎస్7 అనే పాత వ్యవస్థ ఒకరినొకరు నమ్ముతారన్న ఊహ మీద కట్టింది. అందులోకి దారి దొరికినవాడు మీ ఎస్సెమ్మెస్‌ను తనవైపు మళ్లించుకోగలడు. జర్మనీలో 2017లో ఇలా ఓటీపీలు మళ్లించి బ్యాంకు ఖాతాల్లోంచి డబ్బు తీశారు. మీ నంబరు మీద ఇంకో సిమ్ తీయించినా ఫలితం అదే. అందుకే వాట్సాప్‌లో టూ స్టెప్ పిన్, సిగ్నల్‌లో రిజిస్ట్రేషన్ లాక్ ఇవాళే పెట్టండి. ఓటీపీ ఒక్కటే చేతికొచ్చినవాడికి అవి అడ్డుపడతాయి. ఈమెయిల్‌కు వీలైతే పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు మీ ఫోన్‌తోనే లాగిన్ అయ్యే పద్ధతి), లేదా హార్డ్‌వేర్ కీ (లాగిన్‌కు వాడే చిన్న పరికరం) పెట్టుకోండి.

స్టార్ హ్యాష్ 21 హ్యాష్ డయల్ చేస్తే ఫోన్ ట్యాప్ అయిందో లేదో తెలుస్తుందని తిరుగుతున్న మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. అది తెలియదు. మీ కాల్స్ వేరే నంబరుకు ఫార్వర్డ్ అవుతున్నాయా అన్నది మాత్రమే అది చెబుతుంది. అదీ పనికొచ్చే సంగతే, ఎందుకంటే మాయమాటలు చెప్పి మీ చేత ఫార్వర్డింగ్ కోడ్ డయల్ చేయించి, వాట్సాప్ ఓటీపీని వాయిస్ కాల్ ద్వారా కాజేసే మోసం ఉంది. కానీ ట్యాపింగ్ లేదని దాన్ని చూసి నిశ్చింతగా ఉండకండి.

దగ్గర్లోనే నకిలీ టవర్ పెట్టి ఫోన్లను ఆకర్షించే పరికరాలూ ఉన్నాయి. 2జీలో నెట్‌వర్క్ ఫోన్‌ను పరీక్షిస్తుంది గానీ ఫోన్ నెట్‌వర్క్‌ను పరీక్షించదు, వాటి ఆట అక్కడ సాగుతుంది. చాలా కొత్త ఆండ్రాయిడ్ ఫోన్లలో 2జీ ఆపేసే వీలుంది, ఆపేయండి.

వీపీఎన్ గురించి నిరాశపరచక తప్పదు. మీరున్న వైఫై యజమానికీ, ఇంటర్నెట్ కంపెనీకీ మీరు ఏ సైట్లకు వెళ్తున్నారో కనబడకుండా అది చేస్తుంది, ఆ చూపును వీపీఎన్ కంపెనీకి అప్పజెబుతుంది. మీ వాట్సాప్ సందేశానికి అది అదనంగా ఇచ్చిన రక్షణ దాదాపు ఏమీ లేదు. ఇందాక చెప్పిన 2024 నాటి అమెరికా సలహాల్లోనే సొంత వీపీఎన్‌లు వాడొద్దని, అవి ప్రమాదాన్ని ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి మార్చడమేనని ఉంది. ఫలానా సైట్ మీ దగ్గర బ్లాక్ అయితే పనికొస్తుంది. మీ సమస్యకు మందు అది కాదు.

‘మిలిటరీ స్థాయి భద్రత’ అని అమ్మే ఖరీదైన ఫోన్లు, యాప్‌లు కూడా కొనకండి. అనామ్ అనే రహస్య సందేశాల ఫోన్‌ను నడిపింది ఎఫ్‌బీఐ అని 2021లో వెల్లడైంది. స్విట్జర్లాండ్‌కు చెందిన క్రిప్టో ఏజీ దశాబ్దాల పాటు దేశదేశాల ప్రభుత్వాలకు రహస్యలిపి యంత్రాలు అమ్మింది. 1970 నుంచి దాని అసలు యజమానులు సీఐఏ, పశ్చిమ జర్మనీ గూఢచారి సంస్థ అని 2020లో తేలింది. లోపల ఏముందో నలుగురు నిపుణులు తెరిచి చూడగలిగిన యాప్‌నే నమ్మాలి.

మరి సిగ్నల్‌కు మారాలా? మారండి. ఎన్‌క్రిప్షన్ ఇంకా బలంగా ఉంటుందని కాదు, వాట్సాప్‌దీ ఆ ప్రోటోకాలే. తేడా మెటాడేటాలో ఉంది: ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎక్కణ్ణుంచి. మాట తెలియకపోయినా ఇది చాలు. అర్ధరాత్రి మీరు ఒక లాయర్‌తో 40 నిమిషాలు, వెంటనే ఒక విలేఖరితో 10 నిమిషాలు మాట్లాడారని తెలిస్తే, ఏం మాట్లాడారో ఊహించడం ఎంతసేపు? అమెరికా గూఢచారి సంస్థలు ఎన్ఎస్ఏ, సీఐఏ రెండింటికీ అధిపతిగా పనిచేసిన మైకేల్ హేడెన్ 2014లో ఒక చర్చలో, తాము మెటాడేటా ఆధారంగా మనుషుల్ని చంపుతామని బహిరంగంగానే అన్నారు. 15 లక్షల మంది ఫోన్ల కదలికలను పరిశీలించి 2013లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఒక మనిషి ఎప్పుడు ఎక్కడున్నాడో నాలుగు సందర్భాలు తెలిస్తే చాలు, 95 శాతం మందిని విడిగా గుర్తుపట్టగలిగారు. అప్పట్లో సీఐఏ అధిపతిగా ఉన్న డేవిడ్ పెట్రేయస్ తన ప్రియురాలితో రహస్య సంభాషణలను పంపకుండా, ఇద్దరూ తెరిచే ఒకే జీమెయిల్ ఖాతాలో డ్రాఫ్టులుగా రాసిపెట్టేవారు. 2012లో ఆ వ్యవహారమంతా బయటపడటానికి దారి చూపినవి లాగిన్ అయిన హోటళ్ల ఐపీ చిరునామాలు (ఇంటర్నెట్‌లో ఏ కనెక్షన్ నుంచి వచ్చారో చెప్పే సంఖ్యలు).

సిగ్నల్ దగ్గర ఈ వివరాలు దాదాపు ఉండవు. 2016లో అమెరికాలో వివరాలు ఇమ్మని ఒక గ్రాండ్ జ్యూరీ (నేర విచారణ చేసే పౌరుల బృందం) ఆదేశం వస్తే వాళ్లు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి కనెక్ట్ అయిన తేదీ. వాట్సాప్ దగ్గర మీ పరిచయాలు, ఎవరితో ఎప్పుడు మాట్లాడారన్న వివరాలు అంతకన్నా చాలా ఎక్కువ ఉంటాయి. టెలిగ్రామ్‌కు మాత్రం వెళ్లకండి. అందులో మామూలు చాట్లకు, గ్రూపులకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ అసలే లేదు, ఇద్దరి మధ్య ‘సీక్రెట్ చాట్’ విడిగా తెరిస్తేనే ఉంటుంది. సిగ్నల్‌లో 2024 నుంచి యూజర్‌నేమ్ పెట్టుకుని ఫోన్ నంబరు దాచుకోవచ్చు, అది కూడా చేయండి.

మారాక సేఫ్టీ నంబర్ సరిచూసుకోండి. దీన్ని దాదాపు అందరూ వదిలేస్తారు. చాట్‌లో పేరు మీద నొక్కితే 60 అంకెలు కనిపిస్తాయి, ఐదేసి చొప్పున 12 గుంపులు. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు తమ తెర మీద చూసుకుంటూ పోవాలి, లేదా ఒకరి క్యూఆర్‌ను మరొకరు స్కాన్ చేయాలి. చదివితే నిమిషం పడుతుంది. అన్నీ కలిస్తే మీ మధ్య ఇంకొకడు దూరి రెండువైపులా నటించడం లేదని అర్థం. తర్వాత ఎప్పుడైనా ఈ నంబరు మారిందని యాప్ చెబితే, ఫోన్ మార్చావా అని మామూలుగా మాట్లాడే వేరే దారిలో అడగండి, అదే చాట్‌లో అడగకండి. వాట్సాప్‌లో ఈ హెచ్చరిక రావాలంటే ‘సెక్యూరిటీ నోటిఫికేషన్స్’ ఆన్ చేయాలి.

పెగసస్ లాంటి ఫోన్‌లోకి చొరబడే గూఢచారి సాఫ్ట్‌వేర్ల గురించి మీరు అడగలేదు గానీ మనసులో ఉండే ఉంటుంది. అవి నిజం. 2019లో వాట్సాప్ కాల్ ద్వారా, ఎత్తకపోయినా సరే, సుమారు 1,400 మంది ఫోన్లను లక్ష్యం చేసుకున్నారు. 2021లో ఐమెసేజ్ ద్వారా ఏమీ నొక్కకుండానే ఐఫోన్లలోకి వెళ్లారు. అలాంటిది ఫోన్‌లో ఉంటే ఏ యాప్ అయినా ఒకటే, మీరు చదివేదల్లా వాళ్లూ చదువుతారు. కానీ అవి చాలా ఖరీదైనవి, ప్రభుత్వాలకు అమ్మేవి, ఎంచుకున్న మనుషుల మీద వాడేవి. మీ పని అధికారంలో ఉన్నవాళ్లకు నచ్చనిదైతే ఈ ప్రమాదాన్ని లెక్కలోకి తీసుకోండి: అప్‌డేట్లు వచ్చిన రోజే వేసుకోండి, ఫోన్‌ను తరచూ రీస్టార్ట్ చేయండి, ఐఫోన్‌లో లాక్‌డౌన్ మోడ్ (చొరబాటుకు దారి ఇచ్చే సదుపాయాలను ఆపేసే సెట్టింగ్) ఆన్ చేయండి. ఆపిల్ నుంచి హెచ్చరిక వస్తే దాన్ని తేలిగ్గా తీసుకోకండి, నిజమైనదేనా అని లింకు నొక్కకుండా మీ ఆపిల్ ఖాతాలోకి విడిగా వెళ్లి చూడండి. పాత్రికేయులకు, హక్కుల కార్యకర్తలకు యాక్సెస్ నౌ అనే సంస్థ 24 గంటలూ ఉచితంగా సాయం చేసే హెల్ప్‌లైన్ నడుపుతోంది. మీరు చెప్పినదాన్ని బట్టి మాత్రం, చాట్‌లోని మాట ఒక పరిచయస్తుడి నోట వినబడిందంటే, ఇంత ఖరీదైన సాధనం ఉన్నవాళ్లు అలా బయటపడరు. నా అనుమానం ఎవరిదో ల్యాప్‌టాప్ మీదే.

ఇక మీరు చేయాల్సింది. మీ స్నేహితుణ్ని ఆ చాట్‌లో అడగకండి, స్వయంగా కలవండి. నిలదీసినట్టు కాకుండా, రెండు ఫోన్లూ బల్ల మీద పెట్టి ఇద్దరూ కలిసి చూడండి: ముందు లింక్డ్ డివైసెస్, తర్వాత బ్యాకప్, తర్వాత ఈమెయిల్ ఖాతాలోని పరికరాలు. ఎవరికి చెప్పావని మొదటే అడిగితే ఆయన తన ఫోన్‌ను దాచుకుంటాడు, దొరకాల్సిన జాడ దొరకదు. తెలియని పరికరం ఏదైనా కనబడితే స్క్రీన్‌షాట్ తీసి, ఎవరి పేర్లూ లేకుండా, అది ఏ రకం పరికరమో, చివరిసారి ఎప్పుడు వాడారో నాకు రాయండి. ఈ రెండు ఫోన్ల నుంచి కాకుండా, వేరే ఫోన్ నుంచి రాయండి.